గ్రాఫు కాగితం మీద మరిది

నాకు ఒక జబ్బు ఉంది. ఎదుటి మనిషిలో ఏదో ఒక మూల మంచితనం విత్తనంలా పడి ఉంటుందనీ, దానికి ఎండా నీళ్లూ అందించే బాధ్యత దేవుడు ప్రత్యేకంగా నాకే అప్పగించాడనీ నమ్మడం. బీపీకి మాత్ర ఉంది, షుగరుకు మాత్ర ఉంది. దీనికి మాత్రం మా ఎల్బీనగర్ రోడ్డు పొడవునా ఉన్న ఇన్ని దవాఖానల్లో ఎక్కడా మందు లేదు. దీనితో బాధపడేది నేను కాదు, నా చుట్టూ ఉన్నవాళ్లు. అందుకని నేనూ ఎవరికీ చూపించుకోలేదు.

మొదట నా చేతిలో పడింది మా ఆయన. పెళ్లయిన కొత్తలో ఆయన్ని పొద్దున్నే లేచే మనిషిగా, తడి తువ్వాలు మంచం మీద వేయని మనిషిగా, అడిగినదానికి ఒక్క మాటలో కాకుండా కనీసం ఒక వాక్యంలో జవాబు చెప్పే మనిషిగా పెంచాలని పదేళ్లు పాటుపడ్డాను. పదకొండో ఏడు నేనే వదిలేశాను. ఆయన ఇప్పటికీ పెళ్లిచూపులనాడు ఎలా ఉన్నాడో అలాగే చెక్కుచెదరకుండా ఉన్నాడు, జుట్టు తప్ప.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెబుతాను. ఎనిమిది మంది ఒక గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరు ఉన్నారు, అనే రకం లెక్కలు. ఆ ఎనిమిది మందీ ఇన్నేళ్లుగా నేను కూర్చోమన్న చోటే కూర్చుంటున్నారు. ఒక్కడు కూడా లేచి, మేడమ్ నాకు ఈ కుర్చీ నచ్చలేదు అనలేదు. మనుషుల మీద నాకు ఇంత ధీమా ఉండటానికి కారణం వాళ్లే.

ప్లాన్ల పిచ్చి మాత్రం పుట్టింటిది. మాది పోచంపల్లి పక్కన చేనేత ఊరు. మా నాన్న చీరల డిజైన్లు గ్రాఫు కాగితం మీద గీసేవాడు. గడికొక చుక్క, చుక్కకొక రంగు. ఆ కాగితం ప్రకారం నూలు పోగుల్ని చట్రానికి బిగించి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పీలికలు చుట్టి కట్టేవాళ్లం. దాన్ని చిటికి కట్టడం అంటారు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది, చిలక బొమ్మ కాస్తా మరక అవుతుంది. అందుకని ఏడేళ్ల వయసు నుంచి నా చెవిలో పడిన మంత్రం ఒక్కటే, గట్టిగ కట్టు. నేను కట్టిన చిటికి విప్పడానికి పెద్దవాళ్లు బ్లేడు వాడాల్సి వచ్చేదని మా వాడంతా చెప్పుకునేవారు. మగ్గం ఎక్కకముందే చీర మొత్తం కాగితం మీద అయిపోవాలి, ఆ తర్వాత నేసేవాడు కొత్తగా చేసేదేమీ లేదని నాన్న అనేవాడు. ఈ మాటకు నేసేవాళ్లు ఏమనేవాళ్లో నేను ఎన్నడూ అడగలేదు.

ఈ చరిత్ర అంతా ఉంది కాబట్టే, డాబా మీద కూరగాయల తోట వేద్దామనుకున్నప్పుడు నేను మొదట కొన్నది విత్తనాలు కాదు, గ్రాఫు పుస్తకం. మూడు వారాలు డాబా మీద గంట గంటకూ ఎండ ఎక్కడ పడుతుందో, నీళ్ల ట్యాంకు నీడ ఎటు జరుగుతుందో రాసుకున్నాను. ఆనపకాయ తీగలు నాలుగింటికి తూర్పు పిట్టగోడ పక్కన చోటు. టమాటకు మధ్యలో. పుంటికూరకు ట్యాంకు నీడ తగలని రెండు గడులు. ఏ తీగ ఏ కర్ర మీదుగా ఎటు తిరగాలో బాణం గుర్తులు కూడా వేశాను. కింది వాటాలో కిరాయికి ఉండే గుంటూరావిడ బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి ఆ కాగితం చూసి, గోంగూరకి ఇంత లెక్కెందుకండీ, గింజ పడేస్తే అదే వస్తుంది కదా అంది. ఆమెకు ప్లానింగ్ తెలియదని జాలిపడ్డాను. మా పుంటికూరను గోంగూర అన్నందుకు ఇంకో రెండు మాటలు చెబుదామనుకున్నాను గానీ, కిరాయిదారుతో ఎందుకని ఊరుకున్నాను. మా ఆయన ఆ పుస్తకం తిరగేసి, ఇంకో వారం ఆగితే కాయలు కూడా కాగితం మీదే కాస్తాయన్నాడు. పదేళ్లు నేను కోరుకున్న పూర్తి వాక్యం ఆయన నోటి నుంచి వచ్చింది ఆ రోజే.

సరిగ్గా ఆ చలికాలం చివర్లోనే మా మరిది వచ్చి పడ్డాడు.

మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. భార్యతో, ఆరేళ్ల కూతురితో కొత్తపేట వెనక గల్లీలో కాపురం. ఒక సాయంత్రం బట్టల సంచి పట్టుకుని వచ్చి, చెప్పులు గడప బయట విప్పి, మా తోడికోడలు బిడ్డను తీసుకుని తల్లిగారింటికి వెళ్లిపోయిందని చెప్పి కూర్చున్నాడు. తల్లిగారిల్లంటే నల్లగొండ అవతల పల్లె. ఎందుకు వెళ్లిందని అడిగితే తల దించుకున్నాడు.

తాగుడా అంటే కాదు. కొట్టడమా అంటే అంతకన్నా కాదు, చీమను కూడా పక్కకు నెట్టి నడిచే రకం. ఉన్నదల్లా నోరు. ఆ రోడ్డు మీద ఆటో నడిపేవాడికి హారను ఎంత అవసరమో తిట్టు కూడా అంతే అవసరమని అతని నమ్మకం. ఒకసారి హారను పాడైతే వారం రోజులు వట్టి నోటితోనే నెట్టుకొచ్చాడు. ఆ మాటలు ఆటోలోనే ఆగితే సరిపోయేది. ఇంటికి కూడా వచ్చేవి. దారం సూదిలోకి ఎక్కకపోయినా, గ్యాస్ లైటర్ వెలగకపోయినా, వాటి వాటి తల్లుల ప్రస్తావన వచ్చేది. ఒకరోజు బడిలో టీచరమ్మ చేతిలోంచి చాక్‌పీసు కింద పడితే, పాప ఆ చాక్‌పీసు వాళ్లమ్మ గురించి ఒక మాట అన్నదట. స్పష్టంగా, ఒత్తులతో సహా. తల్లిని బడికి పిలిపించారు. ఆమె అటునుంచి అటే బస్సెక్కింది.

నేను తోడికోడలికి ఫోన్ చేశాను. ఆమె నాకంటే పదేళ్లు చిన్నది, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ముందే అనుకుని పెట్టుకున్నట్టు చెప్పింది.

"అక్కా, ఆయన మీద నాకు కోపం లేదు. నా బిడ్డ నోట్లకు గా మాటలు రావొద్దు, గంతే. నోరు మంచిగైందని నువ్వు చెప్తే ఒస్త. ఆయన చెప్తే రాను. బళ్లు తెరిచే లోపల కాకుంటే పిల్లను ఈడనే ఒకటో తరగతిల ఏస్త."

పాప అక్కడ బళ్లో చేరిందంటే మరో ఏడాది ఇటు రాదు. ఏడాది అలవాటైతే ఆ తర్వాత ఎందుకు వస్తుంది. ఇది మరిదికి అర్థమైంది, ముఖం తెల్లబోయింది. నాకూ అర్థమైంది గానీ, నిజం చెప్పాలంటే, నా చెవికి ముందుగా తీయగా వినిపించిన మాట వేరు. నువ్వు చెప్తే ఒస్త, అన్నది కదా. సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఇంత లాంఛనంగా నాకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

గ్రాఫు పుస్తకంలో ఎడమ పేజీ తోటది, కుడి పేజీ మరిదికి ఇచ్చాను. ముందు కలుపు తీయాలి, తర్వాత ఎరువు, తర్వాత విత్తనం, ఆపైన కర్ర పాతి కట్టడం. రెండింటికీ పద్ధతి ఒకటే కదా, ఈ మాట ఇంతవరకూ ఎవరికీ తట్టలేదేమిటా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. తిట్టు లేని రోజుకు ఆకుపచ్చ గడి, ఉన్న రోజుకు ఎర్ర గడి. ఆ పేజీని చింపి ఫ్రిజ్ తలుపుకు అతికించాను. పొద్దున ఆరింటికి మొక్కలకు నీళ్లు పోసే పని అతనికే అప్పగించాను, పచ్చదనం చూస్తే మనసు చల్లబడుతుందని. ఆదివారం అరగంట క్లాసు. కోపం ఎందుకు వస్తుంది, ఎలా వెళ్తుంది అని నేను బోర్డు లేకుండానే చెప్పేదాన్ని. అతను స్టూలు మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వినేవాడు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు, ముఖం కనపడకుండా.

కలుపు తీస్తే ఆ ఖాళీలో ఏదో ఒకటి నాటాలి కదా. అందుకని తిట్టు వచ్చినప్పుడల్లా దాని బదులు ఒక కూరగాయ పేరు చెప్పమన్నాను. ఇది నా సొంత పరిశోధన. మరిది బుద్ధిగా పాటించాడు. చైతన్యపురి దగ్గర ఎవడైనా అడ్డం వస్తే, నీ, అని మొదలుపెట్టి, వదినె గుర్తొచ్చి, ఆనపకాయ అని ముగించేవాడు. గొంతు అదే, కళ్లలో ఎరుపు అదే, మాట మాత్రం బెండకాయో బీరకాయో. ఎదుటివాళ్లకు అది మామూలు తిట్టుకంటే ఎక్కువ కోపం తెప్పించేదట. తెలిసిన తిట్టుకైతే జవాబు ఉంటుంది, నీ పొట్లకాయ అంటే ఏం అనుకోవాలో తెలియక బండ్లు ఆపి మరీ అడిగేవాళ్లట. ఒక ముసలాయన మాత్రం ఆటో దిగేటప్పుడు, కూరగాయలు రేపు కూడా తెస్తావా అని అడిగి వెళ్లాడు.

ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే అతనే చెప్పేవాడు. సాయంత్రం రాగానే కాళ్లు కడుక్కుని ఫ్రిజ్ ముందు నిలబడి, ఇయ్యాల రెండు వదినె అనేవాడు. ఇంకోరోజు, ఒకటే, గదిగూడ సగమే అనేవాడు. ఎవరూ చూడని చోట అన్న మాటకు కూడా ఎర్ర గడి వేయించుకునేవాడు. ఇంత నిజాయితీ నేను నా క్లాసులో ఒక్క పిల్లవాడిలోనూ చూడలేదు. దాన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియక రాసుకోలేదు. ప్లానులో దానికి గడి లేదు.

నెల తిరిగేసరికి ఎర్ర గడులు తగ్గాయి. ఆ తర్వాత బొత్తిగా కనపడలేదు. వరసగా ఆకుపచ్చ. నేను ఫోటో తీసి పెట్టుకున్నాను. కూరగాయల పేర్లు కూడా ఆగిపోయాయి, అంటే మూలమే పోయిందన్న మాట, అని తీర్మానించాను. నిజానికి ఆగిపోయింది కూరగాయలొక్కటే కాదు. టీ కావాలా అంటే తల ఊపేవాడు. అన్నం చాలా అంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. వాడు మాట్లాడటం లేదని మా ఆయన ఒకసారి అన్నాడు. మాట్లాడకపోవడం కాదు, ఆలోచించి మాట్లాడుతున్నాడు అన్నాను నేను. ఆలోచన ఇంకా అయిపోయినట్టు లేదు అని ఆయన పేపర్లోకి వెళ్లిపోయాడు.

అదే సమయంలో పైన ఆనపకాయ తీగలు వాడిపోవడం మొదలైంది. టమాట బాగానే ఉంది, పుంటికూర గుంటూరావిడ చెప్పినట్టే అడ్డదిడ్డంగా పెరుగుతోంది. ఆనప తీగలు మాత్రం నాలుగింటికి నాలుగూ మెడలు వేలాడేశాయి. పంక్చరు షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చి, పీలికలు కోసి, గీసిన బాణాల ప్రకారం ఆ తీగల్ని కర్రలకు నా చేత్తో కట్టాను. అంత శ్రద్ధగా పెంచిన మొక్క ఎందుకు వాడుతుంది. నీళ్లు పోసేవాడు సరిగ్గా పోయడం లేదు, అంతే కదా. ఆ సాయంత్రం తిట్టు లేకపోయినా, నిర్లక్ష్యానికని ఒక ఎర్ర గడి వేశాను. మరిది ఆ గడి వంక చూశాడు. నా వంక చూశాడు. అన్నానికి కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున పైకి వెళ్తే, అతను గోడ పక్కన గొంతుక్కూర్చుని గడ్డం గీసుకునే బ్లేడుతో నా కట్లు కోస్తున్నాడు. నేను గట్టిగానే అరిచాను. ప్లాను ప్రకారం కట్టినవి, నన్ను అడగకుండా ఎవరు ముట్టుకోమన్నారని. అతను ఆకులు పక్కకు తప్పించి చూపించాడు. ట్యూబు చుట్టిన చోట కాడ దారమంత సన్నబడి ఉంది. దానికి పైన వాచిపోయింది. చాలా వారాల తర్వాత అతను ఒక మాట మొత్తం మాట్లాడాడు.

"నేను నీళ్లు పోస్తనే ఉన్న వదినె. నువ్వు మెడ పిసికినట్టు కడితివి, పైకెట్ల ఎక్కుతయ్?"

అది మా ఊరి ముడి, వదులుగా కట్టడం నాకు రాదు అన్నాను. జవాబు అని నేను అనుకున్నది అది. అతను బ్లేడు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని ఆటోకు వెళ్లిపోయాడు. మూడు తీగలు చచ్చాయి. నాలుగోది బతికి, నా బాణం గుర్తులను లెక్కచేయకుండా, పక్కింటివాళ్ల కేబుల్ తీగ ఎక్కి అక్కడ పూత పట్టింది. దాని మీద నాకు రెండు రోజులు కోపం ఉంది. నూలుపోగుకు దాహం వేయదు, తీగకు వేస్తుంది, ఈ పాటి తేడా తెలుసుకోకుండా కట్టానని మనసులో ఒప్పుకున్నాను. ఎడమ పేజీలో కొట్టివేతలు కూడా చేశాను. కళ్లు తిప్పి, ఫ్రిజ్ మీదున్న కుడి పేజీ గురించి ఆలోచించాలని మాత్రం తట్టలేదు. ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టే తెలివి అక్కడికే సరిపోయింది.

ఎండలు ముదిరాక, నేనే వేసిన ఆ ఒక్క ఎర్ర గడిని పక్కన పెట్టి, తోడికోడలికి ఫోన్ చేశాను. నోరు మంచిగైంది, నాదే పూచీ అన్నాను. ఆమె వచ్చే ఆదివారమే బిడ్డను తీసుకుని వస్తానంది, చూసి, అన్నీ కుదిరితే ఉండిపోతానంది. మరిదికి చెప్తే కళ్లు మెరిశాయి. మంగలి షాపుకు వెళ్లొచ్చాడు. ఆటో కడిగాడు. నేను చికెన్ వండాను, సన్మానం నాకే జరగబోతున్నట్టు.

పాప లోపలికి వస్తూనే పరుగెత్తి అతని ఒడిలోకి ఎక్కింది. ఎక్కి, గడ్డం పట్టుకుని అడిగింది.

"డాడీ, ఇయ్యాల ఆటోల ఎవరెక్కిన్రు?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెప్పొచ్చా అని అడిగే చూపు. తర్వాత, చానమంది అన్నాడు. ఎవరు అంది పాప. మనుషులు అన్నాడు. ముసలమ్మ ఎక్కిందా అంటే ఎక్కిందన్నాడు. ఏమన్నది అంటే ఏమనలేదన్నాడు. పాప ఇంకాసేపు అతని నోటి వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా ఒడిలోంచి జారి, తల్లి పక్కకు వెళ్లి, చెవిలో అడిగింది, డాడీకి జొరమొచ్చిందా అని. చెవిలో అన్నా గది అంతటికీ వినిపించింది.

నేను అప్పటికీ ఆగలేదు. ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లి ఆకుపచ్చ గడులు చూపించాను. ఎక్కడ మొదలై ఎలా మారిందో వేలు పెట్టి వివరించాను. తోడికోడలు చాలాసేపు ఆ కాగితం చూసింది. అప్పుడు చెప్పింది. రోజూ ఆటో ఇంటికి రాగానే అతను పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆరోజు ఎక్కినవాళ్లందరినీ ఒక్కొక్కరిగా దింపేవాడట. పుస్తకాల సంచితో ఇరుక్కుపోయిన కోచింగ్ పిల్లవాడి గొంతు, చీరల కవర్లతో కొట్లాడుకున్న అత్తాకోడళ్ల గొంతు, అన్నీ పలికించేవాడట. పాప అన్నం తినేది ఆ కథలతోనట. ఆ కథల మధ్యలో తిట్లు పడుతున్నాయనే తను పరేషాన్ అయిందట.

"తిట్లు తియ్యమన్న అక్కా. మనిషిని తియ్యమన్లే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని, అలా నెగ్గడం నాకు అలవాటే. చికెన్ తిన్నారు, గిన్నెలు కడగడానికి సాయం చేసింది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతామంది. పాప ఈ మాట్లాడని డాడీ దగ్గర ఉండనంటోంది, నేను ఏం చెయ్యాలి అంది. అతనే ఆటోలో ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కించి వచ్చాడు. వచ్చి, కాళ్లు కడుక్కుని, అలవాటు కొద్దీ ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నలభై ఏడేళ్ల వయసులో, ఒక మంచి మనిషిని ఇంకా మంచివాణ్ని చేయబోయి, అతని బిడ్డకు కాకుండా చేశాను. సిగ్గేసింది. ఈ ఒక్క విషయంలో వెటకారం చేయడానికి నాకు ఇప్పటికీ మాట రాదు.

ఆ కాగితం పీకేశాను. నీకు నచ్చినట్టు మాట్లాడు తమ్మీ, ఏదైనా అను, తిట్టు కూడా తిట్టు అన్నాను. చూశారా, స్వేచ్ఛ కూడా హోంవర్కులాగే ఇచ్చాను. అతను ఊ అన్నాడు. మర్నాడూ ఊ, ఆ మర్నాడూ ఊ. ఫోన్‌లో పాప అడిగినా ఆ, ఊ. కట్టు కోసినంత మాత్రాన తీగ ఆ పూటే లేచి నిలబడదు కదా. బళ్లు తెరవడానికి వారం ఉంది. పల్లెలో పాపకు బడి చూసేశారని మా ఆయనకు కబురొచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం క్లాసు అయ్యాక నేను మెట్రో మెట్లెక్కలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటోల వరసలో మరిదిని వెతుక్కుని అతని వెనక సీట్లో కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడించాలని. ఇద్దరు కుర్రాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఎక్కారు, ఒకామె సంచితో ఎక్కింది. నేను ఎండల గురించి మాట్లాడాను, అతను తల ఊపాడు. కొత్తపేట దాటుతుండగా ఒక బైకువాడు రాంగ్ సైడులో సూటిగా ఎదురొచ్చాడు. మరిది బ్రేకు నొక్కాడు. నా మోకాలు ముందున్న ఇనపరాడ్డుకు కొట్టుకుంది, టిఫిన్ డబ్బా మూత ఊడి మిగిలిన పప్పంతా చీర మీద పడింది. తప్పంతా చేసిన ఆ బైకువాడు ఆగి, మరిది ముఖంలోకి వేలు చూపిస్తూ, కండ్లు కనిపిస్తలేవా, లైసెన్స్ ఎవడిచ్చిండు అని మొదలుపెట్టాడు. మరిది తల దించుకున్నాడు. తనది తప్పు కాకపోయినా తల దించుకుని హ్యాండిల్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తల వంపు నేను తయారుచేసింది. అది చూడలేకపోయాను. పప్పు కాదు, మోకాలు కాదు, అది.

నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. పోగు తెగినప్పుడు మా నాయనమ్మ మగ్గం గుంతలోంచి అనే మాట. అందులో ఎదుటివాడి మూడు తరాలు ఉంటాయి, ఒక బర్రె కూడా ఉంటుంది. ఇక్కడ రాయను. అది నాకు వచ్చని నాకే తెలియదు, ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో, ఒక్క అక్షరం కూడా చెడకుండా బయటికి వచ్చింది. బైకువాడు బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. కుర్రాళ్లిద్దరూ ఇయర్‌ఫోన్లు తీసేశారు. వాళ్లలో ఒకడు మెల్లగా, గుడ్ ఈవినింగ్ మేడమ్ అన్నాడు. మా బ్యాచ్ వాడే.

మరిది భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నా ప్రాణం ఉసూరుమంది. ఆటో పక్కకు తీసి ఆపి, వెనక్కి తిరిగాడు. నవ్వుతున్నాడు. కళ్ల నీళ్లు కారేలా, ఊపిరి తిరగనంతగా నవ్వుతున్నాడు.

"వదినె, గది యాడ నేర్చినవ్?"

అక్కణ్నుంచి ఎల్బీనగర్ దాకా అతని నోరు ఆగలేదు. బర్రె గురించి అడిగాడు, నాయనమ్మ గురించి అడిగాడు, నెలల తరబడి మింగిన ప్యాసింజర్లందరినీ ఒక్కొక్కరినీ బయటికి తీశాడు. అందరూ దిగిపోయాక, నేను దిగేలోపే ఫోన్ తీసి స్పీకర్ పెట్టి పాపకు కలిపాడు. ఇయ్యాల పెద్దమ్మ ఆటో ఎక్కింది బిడ్డా అని మొదలుపెట్టాడు. బైకువాడి గొంతు పెట్టాడు, నా గొంతు పెట్టాడు, పప్పు చీర మీద పడిన చప్పుడు కూడా చేశాడు. అటువైపు పాప పగలబడి నవ్వుతోంది. దాని వెనక ఇంకో నవ్వు, ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు, నాకు వినిపించింది. నేను పప్పు చీరతో వెనక సీట్లో, శిక్ష చదివే జడ్జి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను. ఎందుకంటే కథ ఆ మాట దగ్గరికి వస్తోంది.

అక్కడికి రాగానే అతను ఆగాడు. అప్పుడు పెద్దమ్మ ఒక మాటన్నది, అన్నాడు. ఏం మాట డాడీ, అంది పాప. అతను అద్దంలో నా వంక చూశాడు. ఈసారి ఆ చూపులో అడగడం లేదు.

"గది పెద్దమ్మ మాట బిడ్డా. మనం అనొద్దు."

ఎవరూ నేర్పలేదు, ఏ గడీ లేదు, ఎర్ర సిరా లేదు. అవతల ఫోన్ చేతులు మారింది. తోడికోడలి గొంతు, ఎప్పటిలాగే మెల్లగా.

"ఆదివారం సామాను తీస్కొని ఒస్తున్నం. అక్కకు చెప్పు, బిడ్డ ముంగట జర నోరు మంచిగ పెట్టుకొమ్మను."